పంతొమ్మిదో గీత

1987 జూలై 6, సోమవారం

లాబ్ రిజిస్టరులో సిరాతో రాయవలసిన అంకెలు పెన్సిలుతో రాసి వచ్చాను. అందుకే చాలా ఏళ్ళ తరవాత ఈ పుస్తకం తీశాను. దీని కింద ఎవరూ సంతకం పెట్టరు.

జూన్ 29న పోసిన దూలాల కాంక్రీటుతోనే చేసిన నమూనా క్యూబులు ఇవాళ మిషన్ కింద పెట్టి పగలగొట్టాను. ఏడు రోజులకు బలం చదరపు సెంటీమీటరుకు రెండు వందల డెబ్బై కిలోలు దాటాలి. 192, 188, 201. మూడింటికి మూడూ అంతే.

ఇరవై ఎనిమిది రోజులకు నాలుగు వందలు రావలసిన కాంక్రీటు ఇది. మామూలు ఇంటి కప్పుకు ఇందులో సగం బలం కూడా అక్కర్లేదు. కానీ వాగవతల ఉన్న గుట్టకింది తండాకు లారీ పోదు, క్రేను పోదు. ఎనిమిదిమంది భుజాల మీద మోసుకెళ్ళాలి. దూలం అంత సన్నగా, అంత తేలికగా ఉండాలంటే కాంక్రీటు అంత గట్టిదయి ఉండాలి. మా ఇంజనీరు హాతీరాం సార్ ఆర్నెల్లు లెక్కలు వేసి మా పాల్వంచ యార్డులో మొదటిసారి పోయించారు. పోయినేడు గోదావరి ఊడ్చుకుపోయిన తండాకు కొత్త బడి అది. వరదొస్తే ఊరంతా అందులోనే తలదాచుకోవాలి.

పగిలిన ముక్కలు చేత్తో విరిచి చూశాను. గట్టి కాంక్రీటు పగిలితే కంకరరాయి కూడా రెండు ముక్కలవుతుంది. వీటిలో రాళ్ళు పన్ను ఊడినట్టు ఊడి వచ్చాయి. నీళ్ళు ఎక్కువయ్యాయి.

వానలు కదా. ఇసుక తడిగా ఉండి ఉంటుంది.

దూలాల పోత సాగిన మూడు రోజులూ మిక్సర్ మీద ఉన్నది నాన్నే. ఇరవై రెండేళ్ళుగా ఉంటున్నట్టే.

ఇసుక తడే.

జూలై 7

ఇవాళ్టివి 195, 190, 187. మిషన్ గేజి మీద కూడా అనుమానంగా ఉంది.

జూలై 8, బుధవారం

గేజిలో ఏ దోషమూ లేదు. పక్క యార్డు వాళ్ళ క్యూబు ఒకటి పెట్టి చూశాను. సరిగ్గానే చూపించింది.

మధ్యాహ్నం హాతీరాం సార్ లాబ్ గుమ్మంలోంచే అడిగారు.

"ఏడు రోజులవి వచ్చినయా ప్రమీలమ్మా?"

"వచ్చినాయి సార్."

"మంచిగనే ఉన్నయా?"

"ఉన్నాయి సార్."

రిజిస్టరు తెమ్మనలేదు. తొమ్మిదేళ్ళలో నా నోట తప్పు అంకె రాలేదు, అందుకని అడగలేదు.

ఆయన వెనకాలే జమ్లి నిలబడి ఉంది. దూలాల మీద గోనెపట్టాలు కప్పి రోజుకు నాలుగుసార్లు నీళ్ళు చల్లడం దాని పని. దానిది గుట్టకింది తండాయే, పోయినేడు వరద తరవాత పనిలో చేరింది. నా మాట విని తల ఊపుకుంటూ నవ్వింది.

"అయితే మా లాలి ఈ ఏడే బడికి పోతదన్నట్టు అక్కా. చింతచెట్టు కింద కూసోబెట్టి చెప్తున్రు ఇప్పుడు. వానొస్తే పుస్తకాలు నెత్తిన వెట్టుకొని ఉరుకుతరు పోరగాళ్ళు."

నేనూ నవ్వాను.

ఒక్కోసారి ఏడు రోజులకు తక్కువ చూపించినది కూడా ఇరవై ఎనిమిదికి పుంజుకుంటుంది. పుస్తకాల్లో ఉంది. ఈ నెల 27న తెలుస్తుంది కదా.

జూలై 9

నాన్న పొద్దున టీ పోస్తూ గ్లాసు పక్కన పోశాడు. "గ్లాసు జరిపావా ఏంటే?" అన్నాడు. అవునన్నాను.

వంటింట్లో నలభై వాట్ల బల్బు. కరెంటు తయారయ్యే ఊళ్ళో ఉండి మాకు వెలుతురు లేదు. రేపు నూరు వాట్లది తెస్తాను.

జూలై 10

నూరు వాట్లది పెట్టాను. ఇల్లంతా పెళ్ళిపందిరిలా ఉంది.

టీ మళ్ళీ పక్కనే పడింది.

జూలై 12, ఆదివారం

ఇవాళ నాన్న గడ్డం గీసుకున్నాడు. ఎడమ దవడ కింద రూపాయిబిళ్ళంత గడ్డం మిగిలిపోయింది. చెప్పబోయి ఊరుకున్నాను. ఆదివారమే కదా, యార్డుకు వెళ్ళేది లేదు.

నా కాపురం వదిలేసి వచ్చిన రోజు గుర్తొచ్చింది. డెబ్బై ఎనిమిది, వేసవి. మధిర నుంచి బస్సులో వచ్చి, ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని సరాసరి యార్డుకే వెళ్ళాను. అమ్మ పోయి అప్పటికి ఆరేళ్ళు. నాన్న మిక్సర్ మీదున్నాడు. నన్ను చూశాడు, పెట్టెను చూశాడు. ఎందుకొచ్చావని అడగలేదు. డ్రమ్ము ఆపకుండానే జేబులోంచి తాళంచెవి తీసి, "అన్నం వండుకో. నాక్కూడా పడేయి," అన్నాడు. ఆ మర్నాడే వెళ్ళి అప్పటి ఇంజనీరు కాళ్ళావేళ్ళా పడి, నా పాలిటెక్నిక్ సర్టిఫికెట్ చూపించి, లాబ్‌లో ఉద్యోగం అడిగాడు. ఇవాళ్టికీ ఒక్క ప్రశ్న వెయ్యలేదు.

అలాంటి మనిషిని నేను ఏమని అడగను?

పవర్‌స్టేషను పునాదుల కాలంలో కృష్ణా జిల్లా నుంచి పార చేత్తో పట్టుకుని వచ్చాడు. బసవపున్నయ్య చెయ్యి పడితే కాంక్రీటు తప్పదని యార్డులో సామెత. ఆ మాట అన్న ప్రతిసారీ వినబడనట్టు అటు తిరిగి మీసం సర్దుకుంటాడు.

కంటిచూపు సంగతి కాదు నేను రాసేది. గడ్డం సంగతి.

జూలై 16, గురువారం

దూలాలు వెళ్ళిపోయాయి. పద్దెనిమిది. వాగు దాకా లారీ, అక్కణ్ణించి తండా మగవాళ్ళ భుజాలు.

లారీ కదిలేముందు నాన్న వచ్చి ఒక్కో దూలం మీదా అరచెయ్యి వేసి నిమిరాడు, గేదె దూడను నిమిరినట్టు. "నున్నగా వచ్చాయి," అన్నాడు. నున్నగానే వచ్చాయి.

గేటు దగ్గర నేను లారీకి అడ్డం నిలబడలేదు. నిలబడవచ్చని తోచింది. తోచిన సంగతి రాస్తున్నాను.

జూలై 17

ఏమీ లేదు రాయడానికి.

జూలై 21, మంగళవారం

మా పాత కరెంటు మిక్సర్ రిపేరు నుంచి వచ్చింది. నెలరోజులుగా వాడుతున్న కిరాయి డీజిలు మిక్సరును పంపించేశారు. దాని రొద ఆగిపోయాక యార్డంతా చెవులు కడిగినట్టుంది.

నేను లాబ్ కిటికీలోంచి నాన్నను చూస్తూ కూర్చున్నాను. పనేమీ లేక చూశాను.

మిక్సర్ పక్కన నీళ్ళ టాంకుకు నిలువునా గాజుగొట్టం ఉంటుంది. దాని మీద లీటరుకో గీత. బస్తా సిమెంటుకు పంతొమ్మిదో గీత దగ్గర కుళాయి కట్టాలి, ఇసుక తడిగా ఉంటే ఇంకా ముందే. మామూలు కాంక్రీటుకు నాలుగు లీటర్లు అటూ ఇటూ అయినా ఏదో గట్టెక్కుతుంది. ఈ గట్టిదాంట్లో అలా కుదరదు.

నాన్న గొట్టం వైపు చూడలేదు. డ్రమ్ముకు చెవి ఒగ్గి, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. లోపల కంకర తిరిగే చప్పుడు వింటూ, ఒకచోట టక్కున కుళాయి కట్టేశాడు. నేను వెళ్ళి గొట్టం చూశాను. సరిగ్గా పంతొమ్మిది.

"ఏంటే?" అన్నాడు అడుగుల చప్పుడుకు.

"ఏం లేదు."

పాత మిక్సర్ చప్పుడు వినబడుతుంది. దూలాలు పోసిన డీజిలు మిక్సర్ రొదలో ఏ చప్పుడూ వినబడదు.

లాబ్‌లోకి వచ్చి చాలాసేపు చేతులు కడుక్కున్నాను.

జూలై 24

వాన. జమ్లి మూడు రోజులుగా పనికి రాలేదు. వాగు పొంగి ఉంటుంది.

జూలై 27, సోమవారం

296, 289, 304.

పుంజుకోలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి నాన్న అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాడు. చేటలో వేళ్ళు ఆడుతున్నాయి, చూపు మాత్రం వీధిలో ఉంది. నేను చెప్పులు విడవకుండానే అడిగాను.

"నాన్నా, గాజుగొట్టం మీద గీతలు కనబడుతున్నాయా?"

వేళ్ళు ఆగాయి.

"ఏ గీతలు?"

"పంతొమ్మిదో గీత."

చేట పక్కన పెట్టాడు. పెట్టబోయిన చోట అరుగు అంచుంది, చేట వాలి బియ్యం కింద పడ్డాయి. ఇద్దరిలో ఎవరమూ వాటిని ఎత్తలేదు.

"ఏడాదయిందమ్మా," అన్నాడు. "ముందర మసగ్గా ఉండేది. ఇప్పుడు తెల్లటి తెర. నువ్వొస్తే నువ్వని తెలుస్తుంది. మొహం తెలియదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే కళ్ళ డాక్టరు దగ్గరికి లాక్కుపోతావు. మా అన్న కంటికి కత్తి పెట్టించుకున్నాడు. ఉన్న కాస్త చూపూ పోయి, చచ్చిందాకా గోడ పట్టుకు నడిచాడు. నేను చెవితో పని నెట్టుకొస్తున్నాలే అనుకున్నా." చేతులు దులుపుకుని, "ఇంతకీ నువ్వెందుకు అడిగావు?" అన్నాడు.

చెప్పాను. అంకెలన్నీ చెప్పాను. ఏడు రోజులవీ, ఇవాళ్టివీ. హాతీరాం సార్‌కు నేను చెప్పిన అబద్ధం కూడా.



"ఎన్ని దూలాలు?"

"పద్దెనిమిది."

"ఎక్కడున్నాయి?"

"గోడలెక్కాయి నాన్నా. వాటి మీద పలకలు కూడా పరిచారు."

లేచి చొక్కా కోసం తడుముకున్నాడు. తిరగేసి తొడుక్కుంటుంటే విప్పి సరిగ్గా తొడిగాను. చిన్నప్పుడు నాకు తను తొడిగినట్టే, మెడ దగ్గర్నుంచి ఒక్కో గుండీ. ఆయన ఊరికే నిలబడి తొడిగించుకున్నాడు.

హాతీరాం సార్ క్వార్టర్ కాలనీ చివర. నాన్న చెయ్యి పట్టుకుని నడిపించాను. మొదటిసారి పట్టుకోనిచ్చాడు.

సార్ బయటికి వస్తూనే నాన్న అన్నాడు, "దూలాలు నేను పాడుచేశాను బాబూ. నాకు కళ్ళు లేవు."

నేనన్నాను, "నాకు జూలై ఆరునే తెలుసు సార్."

సార్ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. గుమ్మం పట్టుకుని మెల్లగా అన్నారు:

"వాగు మీదికొచ్చిందని పోయిన గురువారం నుంచి తండా సగం ఆ బడిలనే పంటున్నరు ప్రమీలమ్మా. నేనే పండుమన్న."

జూలై 28, మంగళవారం

సార్‌తో కలిసి మొదటి బస్సులో బూర్గంపాడు. అక్కణ్ణించి నడక. వద్దంటే వినక నాన్న కూడా వచ్చాడు. వాగు నడుముల్లోతు ఉంది. తాడు కట్టి ఇద్దరు మగవాళ్ళు నాన్నను మధ్యలో పెట్టుకుని దాటించారు. పైన వాన, కింద ఎర్రనీళ్ళు. "ఎంత దూరం ఉంది?" అని నాన్న ఒక్కసారి కూడా అడగలేదు.

బడిలో యాభై అరవైమంది. మూలన పొయ్యి. తాళ్ళ మీద ఆరేసిన లంగాలు, చీరలు. దూలం నుంచి వేలాడుతున్న ఉయ్యాల, అందులో ఎవరి పసిబిడ్డో.

ఆ ఉయ్యాల మీంచి చూపు తిప్పుకుని సార్ వెనకాలే లోపలికి నడిచాను.

సార్ వాళ్ళ లంబాడీ భాషలో చెప్పారు. నాకు ముక్క అర్థం కాలేదు, కానీ మనుషుల మొహాలు దూలాల వైపు తిరగడం చూశాను. గోల లేదు. ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని, మగవాళ్ళు ధాన్యం మూటలు ఎత్తుకుని వానలోకి నడిచారు. ఉయ్యాల విప్పింది జమ్లి. విప్పి, బిడ్డను ఎవరికో అందించి, నా ముందుకొచ్చింది.

"నువ్వు నీ నోటితోనే చెప్పినవ్ గదక్కా, మంచిగున్నయని. నేను పక్కనే ఉన్న."

"చెప్పాను."

"నిన్ను నమ్మి పండుకున్నం."

తిట్టలేదు. కొంగుతో మొహం తుడుచుకుని దుంగలు మోయడానికి వెళ్ళింది. దూలాలన్నిటికీ దుంగలు ఊతం పెట్టాం. తండా వాళ్ళు పట్టాలు కట్టుకుని గుట్టవాలులో తలదాచుకున్నారు. మా నాన్నకు ఒక ముసలమ్మ తన గొంగడి ఇచ్చింది. ఆయన ఎవరో, ఏం చేశాడో తెలిసే ఇచ్చింది.

జూలై 29

వాన తెరిపిచ్చింది.

నిన్న సాయంత్రం ఒక గదిలో ఊతాలను దూలాల కింద నాలుగువేళ్ళ సందు వచ్చేలా దించి, పైన వాగు ఇసుక బస్తాలు లెక్కప్రకారం ఎక్కించాం. లోపల మనుషులెవరూ లేకుండా, దూలం ఎంత వంగుతుందో చూపించే గడియారం లాంటి గేజి కింద బిగించి ఉంచాం. పదమూడు మిల్లీమీటర్లు వంగింది. ఇవాళ బస్తాలు దించాక అందులో ముప్పావు వంతు, అంటే పది దాకా వెనక్కి రావాలి. వస్తే పరవాలేదు, రాకపోతే పనికిరాదు.

ఊరంతా చూస్తూ నిలబడింది. నాన్న రాయి మీద కూర్చుని అడుగుతున్నాడు, "ఎంత? ఇప్పుడెంత?"

"నాలుగు వచ్చింది నాన్నా." "అయిదు." "ఆరు."

ఆరు దగ్గర ముల్లు ఆగింది. గంటసేపు చూశాం. దూలం నడుం కింద వెంట్రుకంత చీలిక.

"ఆరేనా?" అన్నాడు.

"ఆరే."

"దించెయ్యండి బాబూ," అన్నాడు సార్‌తో. "అన్నీ దించెయ్యండి. ఒక్కటి కూడా పైన ఉంచొద్దు." అని మొహం గొంగట్లో దాచుకున్నాడు. నేను పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేశాను. ఇరవై రెండేళ్ళలో ఆయన పోసిన కాంక్రీటు పనికిరాదన్న మొదటి మనిషి ఆయనే.

ఆగస్టు 3, సోమవారం

సార్ పై అధికారులకు ఉన్నదున్నట్టు రాశారు. నా తప్పూ, నాన్న తప్పూ, రిజిస్టరు చూడకుండా పంపిన తన తప్పూ. నన్ను లాబ్ నుంచి తీసి రెండు నెలలు క్యూరింగుకు, అంటే దూలాలు తడిపే పనికి వేశారు. నాన్నను మిక్సర్ దింపేశారు. ఇక ఎవరిని ఎక్కించాలని సార్ అడిగితే, నాన్నే చెప్పాడు.

"ఆ జమ్లిని ఎక్కించండి. దాని పిల్ల కూర్చునే బడికి అది నీళ్ళు తప్పుగా పోయదు."

యార్డులో అందరూ నవ్వారు. సార్ నవ్వలేదు.

ఆగస్టు 5, బుధవారం

కొత్త దూలాల పోత మొదలు.

నాన్న స్టూలు వేసుకుని మిక్సర్ పక్కన కూర్చున్నాడు. జమ్లి కుళాయి పట్టుకుంది. అంకెలు గుర్తుపడుతుంది, చదవడం రాదు. పంతొమ్మిదో గీతకు ఎర్రరంగు పూశాం, తడి ఇసుకకు పదహారో గీతకు పచ్చరంగు.

"చప్పుడు ఇనమంటవా తాతా?" అంది.

"చెవిని నమ్మకు. నేను నమ్మే చెడ్డాను. ముందు గీత చూడు. గీత చూశాక, కావాలంటే విను."

నేను అంతకుముందు పోసిన పలకల మీది గోనెపట్టాలు తడుపుతున్నాను. పొద్దున జమ్లి వచ్చి నా చేతిలో బకెట్టు లాక్కుని, "గట్ల కుమ్మరిస్తే నీళ్ళన్నీ కిందికే పోతయక్కా, గిట్ల చిలకరియ్యాలె," అని చూపించింది. జూలై 28 తరవాత నాతో మాట్లాడిన మొదటి మాట. బకెట్టు తీసుకుని అది చూపించినట్టే చిలకరించాను. అది ఒకసారి చూసి మిక్సర్ దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆగస్టు 19

నీళ్ళలో నాని చేతులు పాసిపోయాయి. నిద్ర బాగా పడుతోంది.

సెప్టెంబరు 2, బుధవారం

ఇవాళ ఇరవై ఎనిమిదో రోజు. సార్ స్వయంగా పగలగొట్టారు. నన్నూ, జమ్లినీ, నాన్ననీ లాబ్‌లోకి పిలిచారు. 428, 436, 419. కంకరరాళ్ళు నిలువునా రెండు ముక్కలయ్యాయి. సార్ ఒక ముక్క జమ్లి చేతికిచ్చి, "ఇది నువ్వు చేసిందే," అన్నారు.

నాన్న అటు తిరిగి మీసం సర్దుకోలేదు. జమ్లి ఉన్న వైపు, కాస్త పక్కకే అయినా, చెయ్యెత్తి దణ్ణం పెట్టాడు.

ఇంటికొచ్చాక అడగకుండానే అన్నాడు, "భద్రాచలంలో కళ్ళ క్యాంపు ఎప్పుడన్నావు?"

సెప్టెంబరు 12, శనివారం

కుడికంటికి ఆపరేషన్ అయింది. లోపలికి తీసుకెళ్ళేముందు నా వేళ్ళు గట్టిగా పట్టుకున్నాడు. "చూపు పోతే?" అన్నాడు.

"గోడ పట్టుకుని నడవక్కర్లేదు. నేనున్నాను."

"నువ్వెన్నాళ్ళని..." అని ఆగిపోయాడు. తరవాత మెల్లగా, "మధిరలో అతను కొట్టేవాడా అమ్మా?" అన్నాడు.

తొమ్మిదేళ్ళకు అడిగాడు.

"కొట్టేవాడు."

తల ఊపాడు. నర్సు పిలిచింది. వేళ్ళు వదిలి వెళ్ళాడు.

అక్టోబరు 25, ఆదివారం

కళ్ళద్దాలు ఇచ్చారు. సీసా అడుగంత మందం. పెట్టుకుని ఆసుపత్రి వరండాలో చాలాసేపు అటూ ఇటూ చూశాడు. పళ్ళబండి మీద సీతాఫలాలు చూశాడు. గోడ మీద రంగు వెలిసిన రాతలు పైకే చదివాడు. నన్ను చూశాడు. నా మొహాన్ని నుదుటి నుంచి గడ్డం దాకా చూసి, అద్దాలు తీసి చొక్కాతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశాడు.

క్యాంపు దగ్గరికి జమ్లి వచ్చింది. దాన్ని కింది నుంచి పైదాకా చూసి, "జమ్లివి నువ్వేనా? గొంతును బట్టి బాగా లావుగా ఉంటావనుకున్నానే!" అన్నాడు. అది నవ్వాపుకోలేక నా భుజం మీద పడింది.

నవంబరు 1, ఆదివారం

బడి తెరిచి వారమైందట. చూసొద్దామని నాన్నే బయలుదేరదీశాడు. వాగులో ఇప్పుడు చీలమండల లోతు నీళ్ళే. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దాటాడు. మధ్యలో ఆగి తన పాదాలు చూసుకున్నాడు.

ఇవాళ సెలవు. బడిలో పిల్లలు లేరు. పాత దూలాల్లో కొన్నిటిని గుమ్మం ముందు నేల మీద పక్కపక్కన పరిచి కూర్చునే అరుగులా చేసుకున్నారు. వాటిని చూసి నాన్న దాటిపోలేదు. ఒకదాని మీద కాసేపు కూర్చున్నాడు. లోపలికొచ్చి ఒక్కో దూలం కిందా నిలబడి, తల పైకెత్తి చూసుకుంటూ చివరిదాకా నడిచాడు. పద్దెనిమిది దాకా లెక్కపెట్టాడు.

జమ్లి జొన్నరొట్టెలు, పచ్చిమిరపకాయ కారం తెచ్చింది. తిన్నాం. లాలి పలక తెచ్చి తన పేరు రాసి చూపిస్తే, లకారానికి తలకట్టు పెట్టిందని పట్టుకున్నాడు. "నీ కండ్లద్దాలు మంచిగున్నయ్ తాతా," అని అది నిష్టూరంగా చెరిపేసింది.

తరవాత నాన్న మధ్యగదిలో దూలం కింద తువాలు పరుచుకున్నాడు. "ఒక్క కునుకు తీస్తానే," అన్నాడు. అద్దాలు తీసి గుండెల మీద పెట్టుకుని పైకి చూస్తూ పడుకున్నాడు. అయిదు నిమిషాల్లో గురక.

నేనూ జమ్లీ గుమ్మంలో కూర్చున్నాం. మూడయింది. మూడున్నరయింది. బస్సుకు ఇప్పుడు లేవాలి.

"లేపనా అక్కా?" అంది జమ్లి.

"వద్దు. పడుకోనీ."

నాలుగున్నర బస్సు పోయింది. ఆరింటికి ఇంకోటి ఉందట.